సర్వీసు రిజిస్టరులో ఎక్కిన పుట్టుమచ్చ

ఆ రోజుల్లో ఫోటోలో నవ్వడమంటే పరీక్ష హాల్లో ఈల వేయడంలాంటిది. ఎవరూ చేసేవారు కాదు, చేసినవాడిని ఎవరూ క్షమించేవారూ కాదు. జనం ఇంటి దగ్గర నవ్వుతూ బయలుదేరేవారు, రిక్షాలో నవ్వుకుంటూ వచ్చేవారు. తీరా స్టూడియో మెట్లెక్కి, దారంతో అద్దానికి కట్టేసిన దువ్వెనతో తల దువ్వుకుని, పౌడరు డబ్బాని మొహం మీద బోర్లించుకుని, స్టూలు మీద కూర్చోగానే దగ్గరి చుట్టమెవరో పోయినట్టు బిగుసుకుపోయేవారు. దీనికి తోడు ఇంకో నమ్మకం ఉండేది: మెరుపు మెరవకపోతే ఫోటో పడదని. మిట్టమధ్యాహ్నం నడినెత్తిన సూర్యుడు మాడ్చేస్తున్నా సరే, ఫ్లాషు వెలగలేదంటే తమని మోసం చేశారని మొహం మాడ్చుకునేవారు. ఈ రెండు మూర్ఖత్వాలకూ నేను జీవితాంతం రుణపడి ఉన్నాను. ఎలాగో చెబుతాను.

ఎనభైల చివర్లో, బి.ఎస్సీ. గట్టెక్కి నేను తెనాలిలో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. పిన్ని భర్తకి, అంటే మా బాబాయికి, కాలవ గట్టున ఒక ఫోటో స్టూడియో ఉండేది. నాకక్కడ చీకటి గదిలో కొలువు. మొహాల మీది మచ్చలు మాయం చేయడం నా పని. నెగటివులో పుట్టుమచ్చ తెల్లగా, చిన్న చిల్లులా కనిపిస్తుంది. గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిలుతో ఆ చిల్లు పూడిస్తే ఫోటోలో మచ్చ ఉండదు. నందివెలుగు నుంచి కొల్లూరు దాకా పెళ్లిచూపులకి వెళ్లిన ఫోటోల్లో నేను పూడ్చని మొటిమ లేదు, నున్నగా చేయని బుగ్గ లేదు. (పెళ్లయ్యాక ఎంతమంది మొగుళ్లు ఎంతమంది పెళ్లాలని చూసి ఉలిక్కిపడ్డారో, ఆ పాపం నాదే.)

కానీ నా మనసంతా కెమెరా మీదే. అది ఇనప బీరువాలో ఉండేది, తాళంచెవి బాబాయి మొలతాడుకి ఉండేది. బయట ఆర్డర్లకి వెళ్లేది బాబాయి మేనల్లుడు. వరసకి నాకు బావ. ఏ ఫోటో తీయబోయినా ఒక కన్ను మూసి, మెడ వంకరగా పెట్టి "యాంగిల్ కుదరాలి" అనేవాడు కాబట్టి యాంగిల్ బావ అని నేనే పేరు పెట్టాను. నేనూ వెళ్తానని అడిగినప్పుడల్లా బాబాయిది ఒకటే జవాబు: "ఆడపిల్లవి, కెమెరా మెళ్లో వేసుకుని ఊళ్లంట తిరిగితే నలుగురూ ఏమనుకుంటారే?" ఆ నలుగురి అడ్రసులు ఇస్తే నేనే వెళ్లి అడిగి వస్తానని నేను. ఈలోగా బాపట్లలో మా నాన్న నాకోసం ఒక కాన్వెంటులో టీచరు ఉద్యోగం మాట్లాడి పెట్టేశాడు. బడులు తెరిచేనాటికి నేను వెళ్లి చేరిపోవాలి. అంటే నా చేతిలో ఉన్నది ఒక్క వేసవి.

అదిగో, ఆ వేసవిలో ఒక ఉదయం స్టూడియో మెట్ల మీద గొడుగు కర్ర చప్పుడుతో పాటు ఒక గొంతు వినిపించింది. "ఎవరండీ ఇక్కడ నా మొహం మార్చింది?"

రేపల్లె దగ్గర ఉండే హెడ్‌మిస్ట్రెస్ గారు ఆవిడ. ఊళ్లో పిల్లలూ పెద్దలూ కూడా హెడ్డమ్మగారనే పిలిచేవారు. గంజి పెట్టిన తెల్ల చీర, వెనక నాలుగు మెట్లు కింద గొడుగు పట్టుకుని ఆవిడ భర్త మాస్టారు. ఉద్యోగం అయిపోవస్తోంది కాబట్టి పింఛను కాగితాల కోసం ఇద్దరూ కలిసి మా దగ్గర ఫోటో దిగి వెళ్లారు. ఆ కాగితాలు వెనక్కి వచ్చేశాయి.

"సర్వీసు రిజిస్టరులో ఏం రాసుందండీ? గుర్తింపు చిహ్నం, కుడి చెంప మీద పుట్టుమచ్చ అని రాసుంది. ఫోటోలో చెంప ఉంది. మచ్చేదండీ?" అని ఆవిడ ఫోటోని బల్ల మీద కొట్టింది.

బాబాయి చీకటి గది వైపు చూశాడు. నేను చీకటి గదిలోంచి బయటికొచ్చాను, చెవి మీద పెన్సిలుతో సహా. వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఇంకొకరైతే తప్పయిందండీ అని ఊరుకునేవారు. నాకు పుట్టుకతో ఆ వాక్యం రాదు.

"మచ్చ లేకపోతే ఇంకా బాగున్నారు కదండీ" అన్నాను.

"బాగుండటానికి ఆ ఫోటో ఏమన్నా పెళ్లిచూపులకి పంపుతున్నానా? పక్కన మా ఆయన కూర్చునున్నాడు, కనపడలా?"

"అయినా మేడమ్‌గారూ, మచ్చ చూసి మనిషిని గుర్తుపట్టే ఆఫీసుదండీ తప్పు."

"ఆఫీసు తప్పులు దిద్దటం నాకు చేతనైతే ఈపాటికి ఆఫీసే ఉండేది కాదు. అది నా మచ్చ. గవర్నమెంటు రికార్డుల్లోకి ఎక్కిన మచ్చ. నా మచ్చ నాకిచ్చెయ్యి."

"ఇచ్చెయ్యమ్మా," అన్నారు కింద మెట్టు మీంచి మాస్టారు, "అది లేకపోయేసరికి నాక్కూడా ఎవరి పక్కన కూర్చున్నానా అని అనుమానంగా ఉంది."

నెగటివు మీది పెన్సిలు గీతలు దూదితో తుడిచేసి, అప్పటికప్పుడు మళ్లీ ఫోటో వేసి ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, మచ్చని వేలితో తడిమి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఆ చూపుకి తెలియని లెక్క కూడా తెలిసిందని చెప్పేస్తారు ఎవరైనా. "ఎదురు బాగానే చెప్తావే" అంది. తర్వాత బాబాయి వైపు తిరిగి అసలు సంగతి చెప్పింది. ఆవిడ పద్దెనిమిదేళ్లపాటు పెనుమూడి రేవులో తెరచాప పడవెక్కి, కృష్ణ దాటి, అవతలి ఒడ్డున బడికి వెళ్లి పాఠాలు చెప్పి వచ్చేది. (ఇప్పుడు అక్కడ వంతెన వచ్చింది. అప్పుడు పడవే గతి.) అందుకని బడివాళ్లూ, చర్చివాళ్లూ, బంధువులూ కలిసి వీడ్కోలు విందు ఆ పడవ మీదే పెడుతున్నారు. ఫోటోలు తీయాలి. "ఈ అమ్మాయిని పంపండి. ఒకసారి చివాట్లు తింది కాబట్టి ఉన్నది ఉన్నట్టు తీస్తది."

"ఆడపిల్లండీ... పడవ మీద..." అని బాబాయి నసిగాడు.

"పద్దెనిమిదేళ్లు ఎక్కాను ఆ పడవ. నేనేమన్నా మగాణ్ణా?"

ఆవిడ మెట్లు దిగాక మాస్టారు ఒక్క క్షణం వెనకబడి, గొంతు తగ్గించి నాతో అన్నారు. "అమ్మాయ్, మా పెళ్లినాటి నుంచీ ఆవిడ నవ్వుతున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటి లేదు. ఇంట్లో బాగానే నవ్వుద్ది, నా అదృష్టం. కెమెరా కనపడితే చాలు, హెడ్‌మిస్ట్రెస్ అయి కూర్చుంటది. ఒక్కటంటే ఒక్కటి తీసిపెట్టగలవా?"

"ఒకటేం కర్మండీ, తీస్తాను చూడండి" అనేశాను. ఆలోచించి మాట్లాడే అలవాటు అప్పటికీ లేదు, ఇప్పటికీ పెద్దగా రాలేదు.

వెనక నుంచి బావ పకపకా నవ్వాడు. "ఆవిణ్ణా? నవ్వించటమా? మరదలా, ముందు ఆ కృష్ణని వెనక్కి పారించి చూపించు." నాకు ఒళ్లు మండింది. బాబాయి ముందే పందెం కాశాను. హెడ్డమ్మగారు నవ్వుతున్న ఫోటో తెస్తే బయట ఆర్డర్లకి నేనూ వెళ్తాను, మా నాన్నకి బాబాయే చెప్పి ఒప్పించాలి. తేలేకపోతే నోరెత్తకుండా బాపట్ల వెళ్లి పిల్లలకి ఎక్కాలు చెప్పుకుంటాను. "నోరెత్తకుండా" అన్న మాట దగ్గర బాబాయి ఆశగా ఒప్పేసుకున్నాడు.

కానీ ఆయన వ్యాపారస్తుడు. ఇద్దరినీ పంపాడు. బావకి కొత్త రంగుల కెమెరా, బోలెడు ఫిల్ము. నాకు స్టూడియోలో మూలపడున్న పాత రెండు కళ్ల కెమెరా, నలుపు తెలుపు రీలు ఒక్కటి. పన్నెండంటే పన్నెండు ఫోటోలు. దానికి లెక్క చెప్పే యంత్రం లేదు. వెనక చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది, ఫిల్ము తిప్పుతుంటే అందులో అంకె కనిపిస్తుంది. తిప్పామో లేదో చెబుతుంది గానీ, ఫోటో తీశామో లేదో చెప్పదు. (ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా జీవితం దీని మీదే ఆగబోతోంది.) వెళ్లేముందు బాబాయి తన వృత్తి రహస్యం కూడా గుర్తుచేశాడు. "అడిగినోడికల్లా ఫిల్ము ఖర్చు పెట్టమాక. అక్షింతలు వెయ్యి."

మా స్టూడియోలో అక్షింతలంటే ఉత్తి మెరుపు. పెళ్లిళ్లలో ప్రతివాడూ తనకో ఫోటో తీయమంటాడు. కాదంటే చిన్నబుచ్చుకుంటాడు, తీస్తే ఫిల్ము చాలదు. అందుకని కెమెరా జోలికి పోకుండా ఫ్లాషు వెనకున్న బుల్లి మీట నొక్కితే చాలు. భళ్లున మెరుస్తుంది, ఆ మనిషి సంతోషంగా వెళ్లిపోతాడు. అందరి నెత్తినా పడతాయి, ఎవరికీ ఏమీ మిగలవు. అందుకని అక్షింతలు.

తెనాలిలో పొద్దున్నే రైలెక్కి, రేపల్లెలో దిగి, బస్సులో పెనుమూడి చేరేసరికి రేవులో పెద్ద తెరచాప పడవ కట్టేసి ఉంది. తెరచాపకి అంగుళం సందు లేకుండా మాసికలు, వాటి మధ్య మామిడాకుల తోరణం. బడినుంచి తెచ్చిన రెండు బల్లలు, రెండు కుర్చీలు, కోడి పలావు గుండిగ, పెరుగన్నం, అట్టపెట్టెలో కేకు. జనం నలభైమంది దాకా ఉన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, ఆడవాళ్లు ఒక కీర్తన పాడారు, పడవ కదిలింది. చుక్కాని దగ్గర ముసలి సరంగు, అందరికీ తాత. ఆయన హెడ్డమ్మగారిని పద్దెనిమిదేళ్లు దాటించిన మనిషి.

చివరి నిమిషంలో పరుగెత్తుకుంటూ ఎక్కిన ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. విద్యాశాఖ ఆఫీసులో ఏదో పెద్ద హోదా. సఫారీ సూటు, చంకలో తోలు సంచీ. ఎక్కీ ఎక్కగానే బావతో, "గ్రూపు ఫోటోలో మేడమ్ పక్క కుర్చీ నాది. హోదా ప్రకారం అంతే ఉండాలి" అన్నాడు. మాస్టారు నా చెవిలో, "హోదా సంగతి నాకు తెలవదు గానీ, అయిదో తరగతిలో వీడు మా ఆవిడ చేత తిన్న గోడకుర్చీలు ఇన్నీ అన్నీ కాదు" అన్నారు.

బావ రంగంలోకి దిగాడు. ఒక కన్ను మూశాడు, మెడ వంచాడు. నడుమ హెడ్డమ్మగారు, కుడి పక్కన ఆఫీసు పెద్దాయన, ఎడమ పక్కన మాస్టారు, ఆ పక్కన పాస్టరుగారు, ఆ తర్వాత హైస్కూలు వాళ్లు, ఆ తర్వాత ఎలిమెంటరీ వాళ్లు, చివర వంటవాళ్లు. పావుగంట పట్టింది ఈ సీనియారిటీ లిస్టు తయారవడానికి. వెనక నేపథ్యంగా తెరచాప, అద్భుతమైన యాంగిల్. సరిగ్గా "రెడీ" అనబోతుండగా చుక్కాని దగ్గర్నుంచి కేక: "చాప మారుస్తన్నామండోయ్! తలలొంచండి! ఇటోళ్లు అటు, అటోళ్లు ఇటు!"

పడవ ఎదురుగాలిలో నేరుగా పోదు, అటోసారి ఇటోసారి వంకర్లు తిరుగుతూ పోతుంది. తిరిగినప్పుడల్లా చాప కట్టిన పొడుగాటి వాసం మన నెత్తిమీదుగా అవతలి పక్కకి వెళ్తుంది. తల వంచకపోతే తలే ఉండదు. జనమూ బరువు సరిపోయేలా అవతలి పక్కకి మారాలి. అందరూ వంగారు, లేచారు, తోసుకున్నారు. సర్దుకుని చూసేసరికి హెడ్డమ్మగారి పక్కన వంటమనిషి గరిటెతో సహా కూర్చుని ఉంది. ఆఫీసు పెద్దాయన పలావు గుండిగ అవతల తేలాడు.

బావ మళ్లీ లిస్టు తయారుచేశాడు. మళ్లీ చాప మారింది. మూడోసారి పెద్దాయనకి కోపం వచ్చింది. "ఏంటయ్యా సరంగూ, ఒక్క అయిదు నిమిషాలు తిన్నగా పోనియ్యలేవా?"

"పోనిస్తానండి, గాలికి మీరు ఒక కాయితం రాసిత్తే," అన్నాడు తాత. "దానికి సీనియారిటీ తెలవదండి బాబూ."

నేనూ తాతతో గొడవేసుకున్నాను. (నేను గొడవేసుకోని మనిషి ఆ పడవ మీద దేవుడొక్కడే, ఆయనతోనూ సాయంత్రానికి మొదలుపెట్టాను.) ఎండ మొహాల మీద పడేలా పడవని కొంచెం అటు తిప్పమన్నాను. "అమ్మాయిగారూ, మీరు పడవని ఫోటో తీత్తన్నారు. నేను నడుపుతన్నానండి. ఎవరి పని ఆళ్లం చేసుకుందారి" అన్నాడు. నా జీవితంలో ఓడిపోయిన వాదాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అదొకటి.

సరే, పడవ పని తాతది, నా పని నాది అనుకుని మొదటి నాలుగు ఫోటోలు ఫ్లాషు లేకుండా తీశాను. మండుటెండ, కింద నీళ్లన్నీ అద్దాలే. మెరుపుతో పనేముంది? ఫోటో దిగినవాళ్లందరూ కదలకుండా అలాగే కూర్చున్నారు.

"అయిపోయిందండి" అన్నాను.

"ఎక్కడయిందమ్మా? మెరుపు రాలేదుగా?" అంది ఒక టీచరమ్మ.

"పైన సూర్యుడున్నాడు కదండీ. ఫిల్ముకి వెలుగు చాలితే..." అని నా బి.ఎస్సీ. అంతా విప్పబోయాను.

"సూర్యుడు రోజూ ఉంటాడమ్మా. మేం పిలిపించుకుంది నిన్ను. మెరిపించు."

ఒళ్లు మండి, ఫ్లాషుకీ కెమెరాకీ మధ్యనున్న తీగ పీకేశాను. ఎడమ చేత్తో ఫ్లాషు పట్టుకుని అక్షింతలు వేశాను. భళ్లున మెరిసింది. అప్పుడు, నా కెమెరా పైన ఉండే అద్దంలోకి తల వంచుకుని ఉన్నదాన్ని, ఒక అద్భుతం చూశాను. (ఆ అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. నెగటివుల్ని వెనకా ముందూ తిప్పి చూసి చూసి నాకది సొంత ఇల్లులాంటిది.) మెరుపు మెరిసిందో లేదో, అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకున్న మనుషులందరూ ఒక్కసారి గాలి వదిలారు. భుజాలు కిందికి జారాయి. కొంగులు సర్దుకున్నారు. ఒకామె పక్కామెని గిల్లింది. ఆమె నవ్వింది. పోయిన చుట్టం లేచొచ్చినట్టు మొహాలన్నీ బతికొచ్చాయి. ఫోటో అయిపోయిందని వాళ్లు అనుకున్నారు. నాకు అప్పుడే మొదలైంది. కుడి బొటనవేలితో నొక్కాను. మెరుపు లేదు, చప్పుడు గాలిలో కలిసిపోయింది, ఎవరూ చూడలేదు.

చిన్నప్పుడు లెక్క తెగినప్పుడు కూడా నాకంత ఆనందం కలగలేదు. అందరూ ఫోటో కోసం చచ్చేది మెరుపు ముందు, బతికేది మెరుపు తర్వాత. ఇక చూసుకోండి, అక్షింతలు వేయడం, ఆగడం, నొక్కడం. బీడీ కాలుస్తూ దగ్గిన తాతని పట్టాను. పలావులో ముక్కలు ఏరుకుంటున్న పాస్టరుగారిని పట్టాను. ఒకరి జడలో ఒకరు కనకాంబరాలు పెట్టుకుంటున్న టీచరమ్మల్ని పట్టాను. ఎనిమిది అయ్యాయి.

మిగిలిన నాలుగూ హెడ్డమ్మగారికి. మెడలో దండ, పక్కన మాస్టారు. మొహం హాజరుపట్టీలా ఉంది. అక్షింతలు వేశాను. మెరుపు పోయింది, ఆవిడ మాత్రం పోలేదు. మెరుపు తర్వాత కూడా హెడ్‌మిస్ట్రెస్సే! ఆశతో నొక్కాను. మళ్లీ వేశాను, మళ్లీ నొక్కాను. మూడోసారి మాస్టారు ఏదో జోకు వేశారు. ఆవిడ "ఫోటో దగ్గర ఆటలేంటండీ?" అంది. తొమ్మిది, పది, పదకొండు మట్టిలో కలిశాయి. ఫిల్ము తిప్పాను. ఎర్ర కిటికీలో పన్నెండు వచ్చింది. నాకు బాపట్ల రైలు కూత వినపడింది.

అప్పటికి బావ నాలుగో లిస్టు పూర్తిచేసి అందరినీ కూర్చోబెట్టాడు. ఈసారి ఆఫీసు పెద్దాయన తన కుడి కుర్చీని రెండు చేతులా పట్టుకుని, విజయగర్వంతో హెడ్డమ్మగారి పక్కన కూర్చున్నాడు. నేనూ ఎదురుగా నిలబడి, చివరి ప్రయత్నంగా అక్షింతలు వేశాను. మెరిసింది. ఆవిడ మొహం కదల్లేదు. కానీ ఆవిడ కళ్లు కెమెరాని వదిలేసి ఒక్క క్షణం తెరచాప అంచు మీదికి వెళ్లాయి. అంచు టపటపా కొట్టుకోవడం మొదలైంది. తాత నోరు తెరిచే లోపల, మెడలో దండతో కూర్చున్న హెడ్డమ్మగారు, ఊరంత గొంతుతో అరిచింది.

"తలలొంచండి!"

తర్వాత తెలిసింది, గాలి జోరైతే తాత గొంతు వినపడదని పద్దెనిమిదేళ్లూ ఆ కేక ఆవిడే వేసేదట. ఆ గొంతుకి పడవలో నలభై తలలూ టక్కున కిందికి పోయాయి. వాసం సర్రుమని మీదుగా వెళ్లిపోయింది. తలలన్నీ లేచాయి. ఒక్క తల లేవలేదు. ఆఫీసు పెద్దాయన సఫారీ సూటులో ముడుచుకుపోయి, నుదురు మోకాళ్లకి ఆనించి, రెండు చేతులతో రెండు చెవులూ పట్టుకుని ఉన్నాడు. అయిదో తరగతి ఆయన ఒంట్లోంచి ఇంకా పోలేదన్నమాట. ఆవిడ అటు చూసింది. ఆవిడ పెదవి అదిరింది. చుక్కాని దగ్గర్నుంచి తాత, "పంతులమ్మగారూ, ఇయ్యాల్టితో మీ ఉజ్జోగం అయిపోయిందండి, నా ఉజ్జోగం ఇక నాకిచ్చెయ్యండి!" అన్నాడు.

హెడ్డమ్మగారు నవ్వింది. నవ్వడమంటే అలా ఇలా కాదు. తల వెనక్కి వాల్చి, దండ ఎగిరిపడేలా, కళ్లలో నీళ్లొచ్చేలా, ముప్పై ఏళ్లు బడిగంటల మధ్య దాచిపెట్టుకున్నదంతా ఒకేసారి. నేను నొక్కాను.

నొక్కానా?

పడవ అటు ఒరిగింది, నా ఎడమ చేతిలో ఫ్లాషు, కుడి చేతిలో కెమెరా, నేను తాళ్ల కట్ట మీద కూలబడ్డాను. ఏ బొటనవేలు నొక్కింది? పొద్దున్నుంచీ ఎడమది నొక్కడానికే అలవాటు పడింది. ఫ్లాషు మళ్లీ నిండటానికి కొంత సమయం పడుతుంది కాబట్టి దాన్ని నొక్కినా మెరవదు. కెమెరా చప్పుడు ఈ నవ్వుల్లో ఎలాగూ వినపడదు. ఎర్ర కిటికీలో పన్నెండే ఉంది, కానీ అది తీసినా పన్నెండే, తీయకపోయినా పన్నెండే. ఇంకోసారి నొక్కుదామంటే, మొదటిది పడి ఉంటే రెండూ ఒకదానిమీద ఒకటి పడి నాశనమవుతాయి. అప్పటికే ఆవిడ కళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ హెడ్‌మిస్ట్రెస్ అయిపోయింది.

తిరుగు రైల్లో బావ ఉత్సాహంగా ఉన్నాడు. "పడిందా మరదలా?" అన్నాడు. "పడింది" అన్నాను. "మరి మొహం అలా ఉందేం? కాన్వెంటులో యూనిఫారం చీర ఏ రంగో కనుక్కున్నావా?" అన్నాడు. నేను ఎదురు తిట్టకుండా కిటికీ వైపు తిరగడం చూసి తనే కంగారుపడి, రేపల్లె స్టేషన్లో కొన్న జంతికల పొట్లంలో సగం నాకిచ్చాడు.

ఇంటికొచ్చాక కాళ్లు కూడా కడుక్కోకుండా చీకటి గదిలో దూరాను. బాబాయి కూడా వెనకే వచ్చి తలుపు వేశాడు. ఫిల్ము మందునీళ్లలో ఉన్నంతసేపూ ఇద్దరం మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాం. (పిన్ని బయట నిలబడి, "ఏంటే ఇంత నిశ్శబ్దంగా ఉంది, బతికే ఉన్నావా?" అని అడిగింది.) కడిగి, ఎత్తి, దీపానికి అడ్డంగా పట్టుకున్నాను. ఒకటి, రెండు, అన్నీ ఉన్నాయి. తొమ్మిది, పది, పదకొండు, మూడు హాజరుపట్టీలు. పన్నెండు దగ్గర కళ్లు మూసుకున్నాను.

"అమ్మాయ్," అన్నాడు బాబాయి. "ఈవిడెవరే?"

కళ్లు తెరిచాను. నెగటివులో అన్నీ తలకిందులు కదా. నల్లటి పలువరుస, తెల్లటి జుట్టు నల్లగా, వెనక చాప అంచు, పక్కన చెవులు పట్టుకున్న సఫారీ సూటు. ఇటు పక్క ఆవిణ్ణే చూస్తూ మాస్టారు. ఆ చెంప మీద, నవ్వుకి కొంచెం పైకి జరిగి, తెల్లగా, చిన్న చిల్లులా పుట్టుమచ్చ. నమ్మండి నమ్మకపోండి, నా చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్లి పెన్సిలు తీసింది. వేళ్లు అలవాటు పడిపోయాయి మరి. ఆ పెన్సిలుని సొరుగులో పడేశాను.

వారం తర్వాత హెడ్డమ్మగారు, మాస్టారు వచ్చారు. ఈ మధ్యలో బావ తీసిన రంగుల ఫోటోలు కూడా బాబాయి మద్రాసులో కడిగించి తెప్పించాడు. సగం వాటిలో నలభైమంది వీపులు, మిగతా సగంలో మాసికల తెరచాప. యాంగిల్ మాత్రం బ్రహ్మాండం. నేను పన్నెండోది బల్ల మీద పెట్టాను. ఆవిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తప్పయిందండీ అన్న వాక్యం వాడుకలోకి తేవాలేమో అనుకున్నాను.

"మచ్చ ఉంది" అందావిడ చివరికి.

"ఉందండి."

"ఇది ఆఫీసుకి పంపకండి. నేనే అంటే నమ్మరు." అని, కొంగుతో ఫోటో మీద లేని దుమ్ము తుడిచింది. మాస్టారు ఫోటో తీసుకుని చొక్కా జేబులో పెట్టుకోబోయారు, పట్టలేదు, గుండెకి ఆనించి పట్టుకున్నారు. మెట్లు దిగబోతూ ఆవిడ బాబాయితో, "ఈ పిల్లని బాపట్ల బడికి పంపుతున్నారటగా? బడులకి నాలాంటోళ్లు బోలెడుమంది దొరుకుతారండి" అంది. బాబాయి మొలతాడుకున్న తాళంచెవి విప్పి, బల్ల మీద, నా ముందు పెట్టాడు. శబ్దం బాగా అయ్యేలా పెట్టాడు, బావకి వినపడాలని.

ఆ మర్నాడు ఆఫీసు పెద్దాయన కూడా వచ్చాడు. మేడమ్ పక్కన తను కూర్చున్న ఫోటో కావాలన్నాడు. మొత్తం అన్నిటిలోకీ అలాంటిది ఒక్కటే ఉంది. చూపించాను. ఆయన మొహం రంగులు మారింది. "అమ్మాయ్, నువ్వు మచ్చలవీ తీసేస్తావటగా. ఇందులో నన్ను... కొంచెం తీసెయ్యగలవా?" అన్నాడు, అటూ ఇటూ చూసి.

"ఇప్పుడు మానేశానండి" అన్నాను. "ఉన్నది ఉన్నట్టే."

తర్వాత ఇరవై ఏళ్లకి పైగా రేపల్లె, బాపట్ల, నగరం, ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకీ పేరంటాలకీ కెమెరా మెళ్లో వేసుకుని తిరిగాను. బాబాయి చెప్పిన ఆ నలుగురూ ఎక్కడా ఎదురుపడలేదు, పడినవాళ్లందరూ నాకో ఫోటో తియ్యమనే అడిగారు. అందరికీ ముందు అక్షింతలు వేశాను, ఆ తర్వాత నొక్కాను. బావ ఇప్పటికీ ఎక్కడ కలిసినా, ఆ రోజు నాకు కలిసొచ్చింది గాలే గానీ యాంగిల్ కాదంటాడు. అదీ నిజమే, కానీ ఒప్పుకునే ఉద్దేశం లేదు.

మొన్న మా మేనకోడలు తన ఫోనులో నా ఫోటో తీసి చూపించింది. చూశాను. అందులో ఉన్నావిడకి నుదుటి మీద గీత లేదు, కళ్ల కింద నలుపు లేదు, ముప్పై ఏళ్ల కళ్లజోడు ముక్కుకి అటూ ఇటూ తవ్విన గుంటలు అసలే లేవు.

"ఎవరే ఈవిడ?" అన్నాను.

"నువ్వే అత్తా. ఫోను దానంతటదే నున్నగా చేసేస్తుంది. బాగున్నావుగా?"

"బాగుండటానికి ఇప్పుడు నన్నేమన్నా పెళ్లిచూపులకి పంపుతున్నారా? నా గీతలు నాకిచ్చెయ్యి" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు అది ఎవరి గొంతో. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, ఆ గొంతుకి ఎదురు నిలబడి వాదించిన పిల్ల కళ్ల ముందు మెదిలింది. ఎంత పొగరు, ఎంత ధీమా! ఒక మనిషి మొహంలోంచి ఏం తీసేయాలో తనకే తెలుసనుకుంది పాపం. నాకు నవ్వొచ్చింది.

మేనకోడలు సరిగ్గా అప్పుడే ఇంకోసారి నొక్కిందట. మెరుపు రాలేదు కాబట్టి నేను చూసుకోలేదు.